ఏ రంధ్రానికి ఏ బోరింగ్: జాబ్ ఎక్కించే ముందే తేల్చుకోవలసిన సంగతులు

డ్రాయింగ్ చేతికి రాగానే చాలామంది ముందు రంధ్రం సైజు చూస్తారు. నేను ముందు చూసేది అది దేని నుంచి ఎంత దూరంలో ఉండాలన్నది. బాలానగర్‌లో మాది జాబ్ వర్క్ షాపు. యంత్రం మీదకు ఎక్కించే భాగాన్నే మేం జాబ్ అంటాం. అందులో ముందే ఉన్న రంధ్రాన్ని ఒకే కొన ఉన్న టూల్‌తో లోపలి నుంచి కోసి పెద్దది చేయడమే బోరింగ్. గేర్‌బాక్స్ కేసింగులు, ప్లమ్మర్ బ్లాకులు, హైడ్రాలిక్ సిలిండర్లు, రైస్ మిల్లుల పుల్లీలు, ఏది వస్తే అది చేస్తాం. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు లేత్ ఆన్ చేయనివ్వకముందే నేను చెప్పే మాట ఒకటుంది: రంధ్రానికి స్థానం, సైజు, తిన్నదనం, గుండ్రదనం, నునుపు అని ఐదు గుణాలుంటాయి. ఏ పద్ధతీ ఈ ఐదింటినీ ఒకేసారి సరిచేయదు. ఏది దేన్ని సరిచేయలేదో తెలిస్తే పద్ధతి దానంతట అదే తేలుతుంది.

డ్రిల్లు సంగతి చూడండి. దాని కొన మధ్యలో ఉండే అడ్డ అంచు లోహాన్ని కోయదు, తోసుకుంటూ పోతుంది. అందుకే మెత్తటి చోటు ఎటు దొరికితే అటు జరుగుతుంది. రంధ్రం డ్రిల్లు కన్నా కొంచెం పెద్దదవుతుంది, తరచుగా మూడు మూలల గుండ్రంగా వస్తుంది. ఆ మూడు మూలలు వెర్నియర్‌కు దొరకవు, ఎందుకంటే రెండు పాయింట్ల మధ్య కొలిస్తే ఎటు తిప్పినా ఒకే రీడింగ్ వస్తుంది. మూడు పాయింట్ల బోర్ మైక్రోమీటర్ పెడితేనే బయటపడుతుంది.

రీమర్, అంటే రంధ్రాన్ని రవ్వంత పెంచి సైజుకు తెచ్చే పళ్ల పనిముట్టు, సైజునూ నునుపునూ ఇస్తుంది. స్థానం మాత్రం ఇవ్వదు, ముందున్న రంధ్రం వెంటే పోతుంది. డ్రిల్లు అర మిల్లీమీటరు పక్కకు పోయి ఉంటే రీమర్ కూడా అర మిల్లీమీటరు పక్కనే, చక్కగా హెచ్7 సైజులో (రంధ్రం సైజుకు ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే ప్రామాణిక గుర్తు అది) రంధ్రం చేసి పెడుతుంది. హోనింగ్, అంటే రాళ్లతో రంధ్రం గోడను రుద్దడం, కూడా అంతే. గుండ్రదనం, సైజు, నునుపు అద్భుతంగా వస్తాయి, కానీ హోనింగ్ రాళ్లు పాత రంధ్రం గోడల్నే పట్టుకుని తిరుగుతాయి కాబట్టి రంధ్రం ఉన్నచోటే ఉంటుంది.

బోరింగ్ టూల్ ఒక్కటే పాత రంధ్రం మాట వినదు. దానిది ఒకే కొన, అది పోయే దారిని యంత్రం అక్షం నిర్ణయిస్తుంది. అందువల్ల డ్రాయింగ్‌లో రంధ్రం స్థానానికి టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) ఉంటే, మీ వరుసలో ఎక్కడో ఒకచోట బోరింగ్ ఉండి తీరాలి. డ్రిల్లు చేసి బోర్ చేయండి, లేదా డ్రిల్లు, బోరింగ్ తర్వాత రీమర్ వేయండి, కావాలంటే బోరింగ్ తర్వాత హోనింగ్ చేయండి. మధ్యలో బోరింగ్ తీసేస్తే తర్వాత వచ్చే ఏ పనిముట్టూ ఆ లోటు పూడ్చదు. అయితే ఒక షరతు. వంకర రంధ్రాన్ని ఒక్క కట్‌తో సరిచేయబోతే ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ లోహం తగిలి బార్, అంటే టూల్ పట్టిన కడ్డీ, వంగుతుంది. వంకరలో కొంత కొత్త రంధ్రంలోకి కూడా వస్తుంది. రెండు మూడు కట్‌లు వేస్తే అది క్రమంగా తగ్గిపోతుంది.

జాబ్ తిరగాలా, టూల్ తిరగాలా

1774లో ఇంగ్లండ్‌లో జాన్ విల్కిన్సన్ ఫిరంగుల కోసం చేసిన యంత్రంలో ఫిరంగి తిరిగేది, టూల్ పట్టిన కడ్డీ తిరగకుండా లోపలికి జరిగేది. మరుసటి ఏడాది జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి సిలిండర్ కావలసి వచ్చింది. సిలిండర్‌కు రెండు చివరలూ తెరిచి ఉంటాయి కాబట్టి విల్కిన్సన్ సిలిండర్‌ను కదలకుండా ఉంచి, బార్‌ను అందులోంచి అటు చివరి దాకా పోనిచ్చి, రెండు కొసల్లోనూ బేరింగుల మీద నిలబెట్టి తిప్పాడు. అంతకు ముందు కోసే తల పోత రంధ్రం మీదే ఆనుకుని నడిచేది, పోతలో ఉన్న వంకర అంతా అలాగే మిగిలేది. వాట్ యంత్రంలో ఆవిరి కారిపోకుండా పిస్టన్ పట్టేలా చేసింది ఆ రెండు కొసల ఆసరాయే. ఈ రోజుకీ మనం ఎంచుకునేది ఈ రెండు దారుల్లో ఒకటే.

బుష్, పుల్లీ, ఫ్లాంజ్ లాంటి గుండ్రటి జాబ్ అయితే లేత్ మీద దాన్నే తిప్పండి. జాబ్ తిరుగుతుంటే డ్రిల్లు కూడా తక్కువ పక్కకు పోతుంది. బయటి వ్యాసం, లోపలి వ్యాసం ఒకే పట్టులో చేస్తే రెండూ ఒకే కేంద్రం మీదకు వస్తాయి. వ్యాసం చక్‌కు (జాబ్‌ను పట్టే దవడల పట్టుకు) మించి, ఎత్తు తక్కువగా ఉన్న పెద్ద రింగులకు నిలువు టరెట్ లేత్ మంచిది, ఎందుకంటే జాబ్ బరువే దాన్ని టేబుల్ మీద కూర్చోబెడుతుంది. చతురస్రంగా, వంకరగా, బరువుగా ఉన్న కేసింగును మాత్రం తిప్పకండి. ఫేస్ ప్లేట్ మీద ఎదురు బరువులు కట్టి తిప్పేవాళ్లున్నారు, చిన్న జాబులకు అది నడుస్తుంది. పెద్దవాటికి టూల్ తిరగాలి, జాబ్ కదలకుండా ఉండాలి. హారిజాంటల్ బోరింగ్ యంత్రం ఉన్నది అందుకే.

ఈ రెండు దారుల్లో తప్పులు కూడా వేర్వేరు రకాలుగా వస్తాయి. జాబ్ తిరిగే లేత్‌లో స్పిండిల్ (తిరిగే ఇరుసు) అక్షం, బెడ్డు సమాంతరంగా లేకపోతే రంధ్రం టేపర్ వస్తుంది, అంటే ఒక చివర పెద్దగా, ఇంకో చివర చిన్నగా. టూల్ తిరుగుతూ జాబ్ టేబుల్‌తో పాటు జరిగే పద్ధతిలో అదే లోపం ఉంటే టేపర్ రాదు, రంధ్రం రవ్వంత కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. ఆ రవ్వ ఎంత చిన్నదంటే సాధారణంగా కొలతకే దొరకదు. టూల్ తిరుగుతూ స్పిండిలే బయటికి సాగుతూ పోయే పద్ధతిలో, సాగిన కొద్దీ అది కిందికి వాలుతుంది, రంధ్రం అక్షమూ దాని వెంటే వాలుతుంది. అందుకే లోతైన రంధ్రానికి హారిజాంటల్ బోరింగ్ మీద స్పిండిల్‌ను సాగదీయకుండా టేబుల్‌నే జరపమంటాను.

ఒక గేర్‌బాక్స్ కేసింగ్

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే రకం ఒకటి చెబుతాను. పోత ఇనుప కేసింగ్, ఎదురెదురు గోడల్లో 6206 నంబరు బేరింగులు కూర్చునే రెండు రంధ్రాలు, అంటే సీట్లు. ఆ బేరింగ్ బయటి వ్యాసం 62 మిల్లీమీటర్లు. హెచ్7 అంటే 62.000 నుంచి 62.030 దాకా, అంటే 30 మైక్రాన్ల వెసులుబాటు. ఇది అందుకోవడం కష్టం కాదు. కష్టమల్లా రెండు సీట్లూ ఒకే గీత మీద ఉండటంలో ఉంది. ఒక గోడ బోర్ చేసి, కేసింగును తిప్పి రెండో గోడ బోర్ చేస్తే, రెండు సీట్లూ విడివిడిగా సైజులో ఉంటాయి కానీ షాఫ్టు ఎక్కిస్తే బిగుసుకుంటుంది. బేరింగ్ వేడెక్కుతుంది, కొద్ది నెలల్లో పోతుంది. బేరింగ్ కంపెనీని తిడతారు.

ఇక్కడ లైన్ బోరింగ్ తప్ప మరో దారి చూడకండి: ఒకే బార్, ఒకే సెట్టింగ్, రెండు గోడలూ. హారిజాంటల్ బోరింగ్ ఉంటే బార్‌ను రెండు గోడల్లోంచి పోనిచ్చి అటు చివర ఎండ్ సపోర్ట్‌లో పెట్టండి. అది లేని షాపులో మామూలు లేత్ మీదే ఈ పని చేయవచ్చు. పాత పద్ధతి, ఇప్పటికీ నాకు ఇష్టమైనది.

టూల్ పట్టే పై స్లైడ్‌ను (కాంపౌండ్ స్లైడ్) విప్పేసి, కేసింగును దాని కింద క్యారేజ్ మీద ఉండే క్రాస్ స్లైడ్ మీద బోల్టులతో బిగించండి. కింద ప్యాకింగులు వేసి రంధ్రాల కేంద్రం ఎత్తును లేత్ సెంటర్ ఎత్తుకు తీసుకురండి. 40 మిల్లీమీటర్ల బార్‌ను రెండు సెంటర్ల మధ్య పట్టి, క్యారియర్‌తో (బార్‌కు బిగించే క్లాంపుతో) స్పిండిల్ నుంచి తిప్పండి. బార్‌లో అడ్డంగా ఉన్న రంధ్రంలో చిన్న టూల్ బిట్ పెట్టి, పక్క నుంచి గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూతో) బిగించండి. క్యారేజ్ జరుగుతుంటే కేసింగ్ జరుగుతుంది, టూల్ ఉన్నచోటే తిరుగుతుంది.

బిట్ ఎంత బయటికి పెట్టాలన్నది అందాజాతో తేల్చకండి, మైక్రోమీటర్‌తో కొలవండి. ఒక దవడ బార్ వెనుక వైపు, ఇంకో దవడ బిట్ కొన మీద. బార్ వ్యాసంలో సగం 20, కావలసిన రంధ్రంలో సగం 31, కలిపితే 51.00. మైక్రోమీటర్ 51.00 చూపితే రంధ్రం 62.00 వస్తుంది. 61.50 దగ్గర ఆపాలనుకుంటే 50.75 పెట్టండి. రీడింగ్‌లో ఎంత మారితే రంధ్రంలో దానికి రెట్టింపు మారుతుంది, కాబట్టి చివరి కట్‌కు బిట్ పెట్టడంలో 5 మైక్రాన్ల తేడా వస్తే రంధ్రంలో 10 మైక్రాన్ల తేడా వచ్చినట్టే. గ్రబ్ స్క్రూ బిగించాక మళ్లీ ఒకసారి కొలవండి, బిగించేటప్పుడు బిట్ తప్పక కొంచెం కదులుతుంది. ఒక గోడకు పెట్టిన బిట్‌ను కదపకుండానే రెండో గోడ కూడా చేస్తే రెండు సీట్లూ ఒకే సైజు, ఒకే గీత.

బార్ ఎంత బయటికి

లైన్ బోరింగ్ కుదరని చోట, అంటే అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో, బుష్షుల్లో, బార్‌ను ఒకే చివర పట్టుకోవాలి. అప్పుడు నిర్ణయం అంతా ఒక లెక్క మీద నడుస్తుంది: బార్ బయటికి ఉన్న పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లు. ఉక్కు బార్ అయితే నాలుగు రెట్ల దాకా భయం లేదు. కార్బైడ్ బార్ ఆరు రెట్ల దాకా పోతుంది. లోపల కంపనాన్ని మింగే బరువు అమర్చిన డాంప్డ్ బార్లు పది రెట్ల దాకా పని చేస్తాయి, వాటి ధర మాత్రం చిన్న షాపు ఆలోచించుకోవలసినంత ఉంటుంది.

ఈ హద్దులు ఎందుకంటే, బార్ వంగడం పొడవుకు ఘనంలో పెరుగుతుంది, లావుకు నాలుగో ఘాతంలో తగ్గుతుంది. 20 మిల్లీమీటర్ల బార్‌ను 80 బదులు 120 బయటికి లాగితే అదే కట్‌కు దాదాపు 3.4 రెట్లు వంగుతుంది. అదే 20 బదులు 25 లావు బార్ పెడితే గట్టితనం 2.4 రెట్లు పెరుగుతుంది. కాబట్టి రంధ్రంలో పట్టేంత లావు బార్ వాడండి, చిప్స్ బయటికి రావడానికి సందు మాత్రం వదలండి. సందు లేకపోతే చిప్స్ బార్‌కూ గోడకూ మధ్య నలిగి గోడను గీరేస్తాయి.

చాలా షాపుల్లో ఒక అపోహ ఉంది: ఈఎన్24 అనే బలమైన మిశ్రమ ఉక్కు తెచ్చి, గట్టిపరిచి బార్ చేస్తే వంగదని. విరగదు, నిజమే. వంగడంలో మాత్రం మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బార్‌కూ దానికీ తేడా ఉండదు. ఉక్కు ఏ రకమైనా సాగే గుణం ఇంచుమించు ఒకటే, వేడిచేసి గట్టిపరిచినా అది మారదు. తక్కువ వంగాలంటే లావు పెంచాలి, పొడవు తగ్గించాలి, లేదా కార్బైడ్‌కు పోవాలి. కార్బైడ్ ఉక్కు కన్నా మూడు రెట్లు బిర్రుగా ఉంటుంది. బార్‌ను పట్టే తీరు కూడా ముఖ్యం. గుండ్రటి బార్‌ను రెండు స్క్రూల కింద నొక్కి పెట్టడం కన్నా, చీలిక ఉన్న స్లీవ్‌లో, వ్యాసానికి మూడు నాలుగు రెట్ల పొడవున పట్టడం ఎంతో మేలు.

టూల్ ఎంపికలోనూ ఇదే సూత్రం: బార్‌ను పక్కకు నెట్టే బలం తగ్గాలి. సీసీఎంటీ లాంటి పాజిటివ్ ఇన్సర్ట్ (తేలిగ్గా కోసే వాలు ఉన్న, మార్చుకోగల టూల్ బిళ్ల) తీసుకోండి, టూల్ అంచు అక్షానికి నిలువుగా, 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. టూల్ ముక్కుకు 0.4 మిల్లీమీటర్ల వ్యాసార్ధం చాలు, సన్నటి బార్‌కు 0.2. ముక్కు 0.4, ఫీడ్ (ఒక్క చుట్టుకు టూల్ ముందుకు జరిగే దూరం) 0.1 అయితే లెక్క ప్రకారం నునుపు ఆర్‌ఏ (సగటు గరుకుదనం, తక్కువైతే నునుపు ఎక్కువ) 0.8 మైక్రాన్లు వస్తుంది. ఫీడ్‌ను 0.2 చేస్తే ఆ అంకె నాలుగింతలవుతుంది. టూల్ కొనను సెంటర్ కన్నా వెంట్రుకంత పైన పెట్టండి, ఎందుకంటే ఒత్తిడికి అది కిందికే దిగుతుంది. బార్ కీచుమని అరిస్తే ముందు స్పీడు తగ్గించండి, ఫీడ్ కొంచెం పెంచండి. చాలామంది ఫీడ్ తగ్గిస్తారు, దాంతో టూల్ కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, అరుపు ఇంకా పెరుగుతుంది.

సైజు పట్టడానికి నేను చెప్పే పద్ధతి ఇది. పూర్తి సైజుకు వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగిలినప్పుడు ఆగండి. దాన్ని మూడు సమాన కట్‌లుగా, ఒక్కొక్కటి వ్యాసంలో 0.5గా వేయండి. మొదటి కట్ తర్వాత కొలవండి, రెండో కట్ తర్వాత కొలవండి. 0.50 తిప్పితే 0.47 వచ్చిందనుకోండి, మీ బార్ ఈ కట్‌కు ఎంత వంగుతోందో తెలిసిపోయింది, మూడో కట్‌లో ఆ తేడా కలపండి. కట్ సమానంగా ఉంటే వంగడమూ సమానంగా ఉంటుంది. చివరికి 0.02, 0.03 మిగిల్చి దాన్ని గీకి తీయాలని చూస్తే కార్బైడ్ అంచు కోయదు. ఒకసారి ఏమీ రాదు, మరుసటి కట్‌లో అంతా ఒకేసారి వచ్చి జాబ్ పెద్దదైపోతుంది.

రీమర్ ఎప్పుడు, మిల్లింగ్ ఎప్పుడు

ఒకే సైజు రంధ్రాలు పదుల సంఖ్యలో ఉంటే, వ్యాసం 25 లోపైతే రీమర్‌నే నమ్మండి. 25 హెచ్7కు వెసులుబాటు 21 మైక్రాన్లు. ముందు 24 డ్రిల్లు, తర్వాత 24.75కు బోరింగ్, చివర రీమర్. స్థానం ముఖ్యం కాని చోట బోరింగ్ మానేసి 24.75 డ్రిల్లుతో నేరుగా పోవచ్చు. స్పీడు డ్రిల్లుకు పెట్టేదానిలో సగానికి మించకూడదు, ఫీడ్ ఎక్కువ ఉండాలి. బయటికి తీసేటప్పుడు రీమర్‌ను వెనక్కి తిప్పకండి, చిప్స్ అంచుల కింద పడి పళ్లు చిట్లుతాయి. ఒకటి రెండు రంధ్రాలకు, పైగా వింత సైజులకు, రీమర్ కొనడం దండగ.

ఇప్పుడు ప్రతి వీధిలోనూ వీఎంసీలున్నాయి, అంటే కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ యంత్రాలు. ఎండ్ మిల్లును గుండ్రంగా తిప్పి రంధ్రం చేయడం త్వరగా అవుతుంది, సైజు ఎంతైనా టూల్ ఒకటే. రఫ్ పనికి నేను కూడా అదే వాడతాను. కానీ యాక్సిస్ దిశ మార్చుకునే నాలుగు చోట్ల సన్నటి మచ్చలు పడతాయి, గుండ్రదనం అక్కడే దెబ్బతింటుంది. బేరింగ్ సీటుకు చివరి కట్ బోరింగ్ హెడ్‌తోనే వేయండి.

పొడవైన రంధ్రాలు, ఇంజన్ బ్లాకులు

లోతు వ్యాసానికి పది రెట్లు దాటితే మామూలు బార్ మీద ఆశ వదులుకోండి. సన్నగా, లోతుగా ఉండే రంధ్రానికి గన్ డ్రిల్లింగ్ ఉంది. ఒకే అంచు, పక్కన ఆనుడు ప్యాడ్లు, లోపలి నుంచి ఒత్తిడితో నూనె. వ్యాసానికి వంద రెట్ల లోతు దాకా తిన్నగా పోతుంది. హైడ్రాలిక్ సిలిండర్‌కు ఈ రోజుల్లో ముందే హోన్ చేసిన ట్యూబు కొనడమే తెలివైన పని. లోపల బోరింగ్ గీతలు మిగిలితే సీలు ఎక్కువ కాలం నిలవదు. దానికి ఆర్‌ఏ 0.4 లోపు కావాలి, అది బోరింగ్‌తో నిలకడగా రాదు.

ఇంజన్ బ్లాకు రీబోరింగ్‌లో బోరింగ్‌కు చివరి సైజు అప్పగించకండి. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50 అంటూ మెట్లుగా వస్తాయి. ముందు పిస్టన్‌ను చేతికి తీసుకుని కొలిచి, క్లియరెన్స్ కలిపి సైజు నిర్ణయించుకోండి, బోరింగ్‌ను దానికి 0.05 నుంచి 0.08 తక్కువలో ఆపి మిగతాది హోనింగ్‌కు వదలండి. హోనింగ్ గీతలు ఒకదానికొకటి అడ్డంగా పడితేనే గోడ మీద నూనె నిలుస్తుంది. హెడ్ బోల్టులు బిగించగానే సిలిండర్ ఆకారం కొన్ని మైక్రాన్లు మారుతుంది, అందుకే జాగ్రత్తగల షాపులు హెడ్ బదులు మందపాటి టార్క్ ప్లేట్ బిగించి హోన్ చేస్తాయి. మీ బ్లాకును ఇచ్చే చోట అది ఉందో లేదో అడగండి.

షాపుకు తీసుకురాలేని జాబులు

ఎక్స్‌కవేటర్ బూమ్, బకెట్ పిన్నుల రంధ్రాలు అరిగి కోడిగుడ్డులా అయితే యంత్రమే జాబ్ దగ్గరికి పోవాలి. పోర్టబుల్ లైన్ బోరింగ్‌లో రెండు పక్కలా ప్లేట్లు వెల్డ్ చేసి వాటి మీద బార్ బేరింగులు నిలబెడతారు. అరిగిన రంధ్రాన్ని వెల్డింగుతో నింపి మళ్లీ బోర్ చేస్తారు. ఇక్కడ నేను ఖచ్చితంగా పట్టుబట్టేవి రెండు. బార్ సెంటర్‌ను అరిగిన భాగం నుంచి తీయకూడదు, పిన్ను తగలని అంచు నుంచి తీయాలి. వెల్డింగ్ అయ్యాక లోహం పూర్తిగా చల్లారాకే చివరి కట్ వేయాలి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పేసి, ఎర్త్ క్లాంపును రంధ్రం పక్కనే పెట్టించండి, కరెంటు ఇతర బేరింగుల గుండా పోకుండా ఉంటుంది.

కొలిచే వేళ

డ్రాయింగ్ మీది కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పినవి. మే నెలలో మా షెడ్డులో 40 ఉంటుంది. పోత ఇనుప కేసింగు, ఉక్కు గేజు ఇంచుమించు సమానంగా వ్యాకోచిస్తాయి కాబట్టి రెండూ ఒకే వేడిలో ఉంటే చిక్కు లేదు. అల్యూమినియం అలా కాదు, ఉక్కుకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 62 మిల్లీమీటర్ల సీటు 20 డిగ్రీల తేడాకు దాదాపు 28 మైక్రాన్లు పెరిగితే, ఉక్కు గేజు 14 పెరుగుతుంది. అంటే మీకున్న 30 మైక్రాన్లలో సగం ఎండే తీసేసుకుంటుంది. అల్యూమినియం కేసింగులకు చివరి కట్ తెల్లవారుజామున వేయిస్తాను, లేదా తేడా లెక్కగట్టి కలుపుతాను. కట్ అయిన వెంటనే ఏ జాబూ కొలవకండి. కూలెంట్‌తో చల్లబరిచి, గేజునూ సెట్టింగ్ రింగునూ జాబ్ పక్కనే పెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చాక కొలవండి.

బయటి షాపుకు బోరింగ్ పంపేటప్పుడు చీటీ మీద సైజు ఒక్కటే రాయకండి. ఏ ముఖం నుంచి సెట్ చేయాలో, రెండు సీట్లూ ఒకే సెట్టింగ్‌లో కావాలో లేదో, హోనింగ్‌కు ఎంత వదలాలో రాయండి. ఎక్కించబోయే బేరింగునో పిస్టన్‌నో జాబ్‌తో పాటే పంపండి.